డబ్లిన్‌లో రాసిన పరీక్ష



ఆడవాళ్లు డాక్టర్లయిన కథ ఎప్పుడు చెప్పుకున్నా మనకు అమెరికాలో చదివిన ఎలిజబెత్ బ్లాక్‌వెల్ గుర్తుకొస్తుంది. మహారాష్ట్ర నుంచి ఓడెక్కి ఫిలడెల్ఫియా వెళ్లిన ఆనందీబాయి జోషీ గుర్తుకొస్తుంది. కాస్త ఎక్కువ చదివినవాళ్లు ఎడింబరో పేరు చెబుతారు, లండన్ పేరు చెబుతారు. డబ్లిన్ పేరు ఎవరి నోటా రాదు. నిజానికి బ్రిటిష్ ఏలుబడిలో ఆడవాళ్లు వరసపెట్టి డాక్టర్లుగా నమోదయింది డబ్లిన్ పుణ్యాన. పుణ్యమని మాటవరసకు అన్నాను గానీ, అందులో పుణ్యం ఎంత, పద్దు ఎంత అన్నది ఈ రోజు కాస్త విప్పి చూద్దాం.

1858లో లండన్ పార్లమెంటు ఒక వైద్య చట్టం చేసింది. అంతకుముందు ఎవరు డాక్టరో ఎవరు కాదో తేల్చి చెప్పే దిక్కు లేదు. పన్ను పీకేవాడూ డాక్టరే, పసరు పోసేవాడూ డాక్టరే. ఆ గందరగోళం తీర్చడానికి ఒక రిజిస్టరు పెట్టారు. అందులో పేరు ఎక్కాలంటే బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో గుర్తింపు ఉన్న సంస్థ ఏదో ఒకటి ఇచ్చిన పట్టా కావాలి. ఆడవాళ్లు పనికిరారని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరమే లేకపోయింది, ఆ సంస్థల్లో ఒక్కటీ ఆడవాళ్లను పరీక్షకు కూర్చోనిచ్చేది కాదు గనక. బ్లాక్‌వెల్ తన పాత అమెరికా పట్టాతోనే, చట్టం రాకముందు ఇంగ్లండ్‌లో వైద్యం చేసినవాళ్లకు ఇచ్చిన మినహాయింపు కింద 1859లో పేరు ఎక్కించుకుంది. ఎలిజబెత్ గారెట్ అనే ఇంకొకావిడ, ఆ పట్టాలిచ్చే సంస్థల్లో ఒకటైన అపోతికరీస్ సొసైటీ నియమాల్లో ఆడవాళ్లకు అడ్డు లేదని పట్టుకుని కూర్చుంది. వాళ్ల నాన్న కోర్టుకు లాగుతానని బెదిరిస్తే 1865లో పట్టా ఇచ్చారు. ఇచ్చిన వెంటనే, ఇంకెవరూ ఆ దారిన రాకుండా నియమాలు మార్చేశారు. 1876 వచ్చేసరికి రిజిస్టరులో ఉన్న ఆడపేర్లు ఆ రెండే.

మధ్యలో ఎడింబరో రగడ జరిగింది. సోఫియా జెక్స్‌బ్లేక్ అనే గట్టి పిండం ఇంకో ఆరుగురిని కూడగట్టి 1869లో అక్కడి విశ్వవిద్యాలయంలో చేరింది. 1870 నవంబరు 18న వాళ్లు శరీర నిర్మాణశాస్త్రం పరీక్షకు వెళుతుంటే సర్జన్స్ హాలు ముందు జనం గుమికూడారు. బురద కొట్టారు, బూతులు తిట్టారు, గేటు మొహం మీద వేశారు. వీళ్లు ఎలాగో లోపలికి వెళ్లి పరీక్ష రాస్తుంటే ఎవరో ఒక గొర్రెను హాలులోకి తోలారు. దాన్ని ఉండనివ్వండి, తోలినవాళ్లకంటే దానికే బుద్ధి ఎక్కువ అన్నాడట ప్రొఫెసరుగారు. బుద్ధి సంగతి ఎలా ఉన్నా, చివరికి విశ్వవిద్యాలయం పట్టాలు ఇవ్వనంది. కోర్టుకు వెళితే 1873లో కోర్టూ కుదరదంది. ఇంత చదివి, రాసిన పరీక్షలు నెగ్గి, చేతిలో ఏమీ లేకుండా బయటికొచ్చారు.

ఆ తర్వాత రస్సెల్ గర్నీ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుపట్టి 1876 ఆగస్టులో ఒక చిన్న చట్టం చేయించాడు. పట్టాలిచ్చే 19 సంస్థలూ తలుచుకుంటే ఆడవాళ్లను పరీక్షించవచ్చు, అభ్యంతరం లేదు అన్నది దాని సారాంశం. గమనించండి, తలుచుకుంటేనే. పరీక్షించి తీరాలని మాత్రం లేదు. లండన్ సంస్థలు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాయి. ఎడింబరో సంగతి సరేసరి. ఇంతలో డబ్లిన్‌లో, కిల్డేర్ వీధిలో ఉన్న కింగ్ అండ్ క్వీన్స్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మాత్రం రావచ్చు, రాసుకోవచ్చు అంది. తర్వాత 1890లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆఫ్ ఐర్లండ్ అని పేరు మార్చుకున్నది ఇదే. అంతవరకు ఏ తగవులోనూ దాని పేరు వినపడలేదు.

ఎందుకు ఒప్పుకుంది? మనసున్న మనుషులు ఉన్నారు, అందులో సందేహం లేదు. ఆక్విలా స్మిత్ అనే పెద్ద డాక్టరు, ట్రినిటీ కళాశాలలో శామ్యూల్ హాటన్ అనే మతాచార్యుడు వీళ్ల పక్షాన నిలబడ్డారు. కానీ లండన్ ముందు డబ్లిన్ సంస్థలు చిన్నవి. పరీక్ష ఫీజులతో నడిచేవి. ఇంగ్లండ్ నుంచి అభ్యర్థులు వస్తే ఫీజూ వస్తుంది, పేరూ వస్తుంది. పైగా వచ్చి రాసేవాళ్లు డబ్లిన్‌లో ఉండిపోయి ఎవరి ప్రాక్టీసుకూ ఎసరు పెట్టేవాళ్లు కారు. ఆసుపత్రిలో చోటు అడగరు, కళాశాలలో కుర్చీ అడగరు. హోలీహెడ్ రేవులో స్టీమరెక్కి వస్తారు, ఫీజు కడతారు, పరీక్ష రాస్తారు, తిరుగు స్టీమరులో వెళ్లిపోతారు. అలాంటివాళ్ల పట్ల ఉదారంగా ఉండటం ఎవరికైనా సులువే. ఇది వాళ్లను తక్కువ చేయడానికి అనడం లేదు. 18 సంస్థలు ఆ సులువైన పని కూడా చేయలేదు కదా.

1877 జనవరిలో మొదటి పట్టా అందుకున్నది ఎలైజా వాకర్ డన్‌బార్. ఈమె పుట్టింది మన బొంబాయిలో, తండ్రి అక్కడ సైనిక వైద్యుడు. జ్యూరిక్‌లో ఎం.డి. చేసింది. నాలుగేళ్ల ముందు బ్రిస్టల్‌లో పిల్లల ఆసుపత్రివాళ్లు ఈమెను హౌస్ సర్జన్‌గా తీసుకుంటే అక్కడి మగ డాక్టర్లు మూకుమ్మడిగా రాజీనామాలు పడేశారు. కొన్ని వారాలకే ఈమె ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఆమె వెనకే ఫ్రాన్సెస్ హొగ్గన్, లూయీసా అట్కిన్స్ వచ్చారు, వాళ్లదీ జ్యూరిక్ చదువే. మే నెలలో ఎడింబరోలో బురద దెబ్బలు తిన్న జెక్స్‌బ్లేక్, ఆమె నేస్తం ఈడిత్ పీచీ వచ్చారు, వీళ్లు ఈలోగా స్విట్జర్లండ్‌లోని బెర్న్‌లో ఎం.డి. పుచ్చుకున్నారు. ఐదుగురూ విదేశాల్లో ఎం.డి.లు చేసినవాళ్లే. అయినా సొంత దేశంలో డాక్టరు అనిపించుకోవడానికి డబ్లిన్‌లో మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. ఐదుగురిలో ఒక్కరూ ఐర్లండ్ ఆడపడుచు కాదన్నది ఇంకో విచిత్రం.

మనవాళ్ల సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. ఆ మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే, అంటే డబ్లిన్ కంటే ముందే, నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. వాళ్లలో మేరీ షార్లీబ్ తర్వాత లండన్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది. హైదరాబాదు వైద్య పాఠశాలలో 1885 ప్రాంతంలో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారం ఇవ్వడంలో దిట్ట అయింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తువైద్యురాలని ఆమెను చెప్పుకుంటారు. ఎడింబరోలో గొర్రెను తోలిన పెద్దమనుషులకు ఈ వార్తలు చేరాయో లేదో!

డబ్లిన్ పట్టాలు పుచ్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈడిత్ పీచీ 1883లో బొంబాయి వచ్చింది, కామా ఆసుపత్రి బాధ్యత తీసుకోవడానికి. బాల్యంలో కట్టబెట్టిన భర్త దగ్గరికి వెళ్లనని రఖ్మాబాయి కోర్టులో పోరాడినప్పుడు ఆమె పక్కన నిలబడింది. ఆ రఖ్మాబాయి తర్వాత లండన్ వెళ్లి డాక్టరై తిరిగొచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో పనిచేసింది. ఫానీ బట్లర్ 1880లో డబ్లిన్ పరీక్ష నెగ్గి నేరుగా మన దేశానికే వచ్చింది. జబల్‌పూర్, భాగల్‌పూర్, చివరికి కాశ్మీరు. శ్రీనగర్‌లో 1889లో కన్నుమూసింది, నలభై నిండకుండానే.

వీళ్లందరిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే మనిషి ఆగ్నెస్ మెక్‌లారెన్. ఎడింబరో ఎంపీ కూతురు. జెక్స్‌బ్లేక్ పోరాటంలో వెన్నుదన్నుగా ఉంది. నలభయ్యో ఏడు దాటాక ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఎం.డి. చేసి, 1878లో డబ్లిన్ పట్టా తీసుకుంది. అరవై దాటాక క్యాథలిక్ మతంలో చేరింది. డెబ్బై దాటాక, 1909లో, రావల్పిండిలో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి పెట్టించింది. పరదా చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించరు. మరి ఆసుపత్రి కట్టినా అందులో ఆడ డాక్టర్లేరి? జీవితాంతం ఉండిపోయేవాళ్లు కావాలంటే సన్యాసినులే రావాలి. సన్యాసినులు వైద్యం చేయరాదని, అందులోనూ కాన్పులు చూడరాదని చర్చి నియమం. ఆ నియమం ఎత్తివేయమని ఈ ముసలావిడ పదే పదే రోమ్ వెళ్లి పెద్దలకు అర్జీలు పెట్టుకుంది. ప్రతిసారీ మర్యాదగా విన్నారు, మర్యాదగా పంపేశారు.

ఆమె ప్రయత్నం రెండు చోట్ల మొలకెత్తింది. ఒకటి ఆస్ట్రియా పిల్ల అన్నా డెంగెల్. మెక్‌లారెన్‌కు ఉత్తరం రాసి, నేను వస్తాను, ఏం చదవమంటారు అని అడిగింది. ఇండియాలో చెల్లాలంటే బ్రిటిష్ గుర్తింపు ఉన్న పట్టా కావాలి, ఐర్లండ్‌లో కార్క్ వెళ్లి చదువు అని సలహా. 1913లో మెక్‌లారెన్ చనిపోయింది, ఇద్దరూ ముఖాముఖి కలుసుకోనేలేదు. డెంగెల్ ఆ మాట పట్టుకుని కార్క్ విశ్వవిద్యాలయ కళాశాలలో చేరింది. అంతలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఇంటికి దారి మూసుకుపోయింది. చదువు పూర్తిచేసి 1919లో పట్టా పుచ్చుకుని రావల్పిండి వచ్చింది. 1925లో అమెరికాలో మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే సంఘం పెట్టింది. 1936లో రోమ్ ఆ పాత నియమం సడలించింది. మరుసటి ఏడాదే ఐర్లండ్‌కు చెందిన మేరీ మార్టిన్ మెడికల్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే సంఘం స్థాపించింది.

రెండోది మన గుంటూరు. 1915లో మెల్‌బోర్న్‌లో మేరీ గ్లౌరీ అనే యువ డాక్టరు చేతికి మెక్‌లారెన్ జీవితం మీద అచ్చయిన చిన్న కరపత్రం ఒకటి దొరికింది. మంచి ప్రాక్టీసు ఉన్న మనిషి, కళ్ల వైద్యంలో చెయ్యి తిరిగినది. ఇండియాలో బిడ్డలు ఎలా పోతున్నారో అందులో చదివి తన బతుకు ఎటు వెళ్లాలో అప్పుడే నిశ్చయించుకుందట. యుద్ధం ముగిసేదాకా ఆగి, ఎం.డి. కూడా చేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరులో అడుగుపెట్టింది. జె.ఎం.జె. అని మనవాళ్లు పిలిచే సంఘంలో సన్యాసిని అయింది. సన్యాసినిగా ఉంటూ వైద్యం చేయడానికి పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాడు. ఇంకా ఎవరికీ ఇవ్వని రోజుల్లో, 1936 కంటే ఎంతో ముందు. అప్పటికే గుంటూరులో అమెరికా లూథరన్ మిషన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ ఆసుపత్రి ఉంది. కుగ్లర్ ఆసుపత్రి అంటే ఆ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. గ్లౌరీ చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టింది, అదే సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి అయింది. స్థానిక అమ్మాయిలకు కాంపౌండరు పని, నర్సు పని, మంత్రసాని పని నేర్పించింది. 1943లో ఆమె చొరవతో ఏర్పడిన క్యాథలిక్ ఆసుపత్రుల సంఘం ఇప్పుడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. ఎక్కడి డబ్లిన్ పట్టా, ఎక్కడి గుంటూరు పురుళ్లు!

సరే, ఐర్లండ్ సొంత ఆడపిల్లల మాటేమిటి? వాళ్ల వంతు కొంచెం ఆలస్యంగా వచ్చింది. డబ్లిన్‌లోని సర్జన్ల కళాశాల 1885లో ఆడవాళ్లకు ప్రవేశం ఇచ్చింది. మరుసటి ఏడు మేరీ ఎమిలీ డౌసన్ అక్కడి నుంచి లైసెన్స్ పొందిన మొదటి మహిళ అయింది. బెల్‌ఫాస్ట్, కార్క్, డబ్లిన్‌లోని క్యాథలిక్ వైద్య పాఠశాల, ఒకదాని వెనక ఒకటి ఒప్పుకున్నాయి. ఎడింబరోలాంటి అల్లర్లు ఇక్కడ కాలేదు. తరగతిలో మగపిల్లలతో కలిసి పాఠం వినవచ్చు. ఆసుపత్రిలో రోగి మంచం చుట్టూ కలిసి నిలబడవచ్చు. శవాన్ని కోసి చదివే డిసెక్షన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లకు వేరే గది! బతికున్న మనిషి ముందు లేని సిగ్గు చచ్చినవాడి ముందు ఎందుకొచ్చిందో ఆ పెద్దలే చెప్పాలి. ట్రినిటీ కళాశాల అన్నిటికంటే వెనక, 1904లో తలొంచింది. తన శవం మీదుగా తప్ప ఆడవాళ్లు ఈ కళాశాలలోకి రారు అన్నాడని దాని అధిపతి, ప్రోవోస్ట్ జార్జ్ సాల్మన్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1904 జనవరిలో ఆయన పోయాడు. ఆ ఏడే ఆడపిల్లలు వచ్చారు.

ఎమిలీ వినిఫ్రెడ్ డిక్సన్ కథ చూడండి. టైరోన్ జిల్లా డంగానన్‌లో 1866లో పుట్టింది. తండ్రి పార్లమెంటు సభ్యుడు. ట్రినిటీలో చేరదామంటే కాదన్నారు. 1887లో సర్జన్ల కళాశాలలో చేరింది. 1893లో రాయల్ యూనివర్సిటీ పరీక్షలో మొదటి తరగతిలో నెగ్గింది. అదే ఏడు సర్జన్ల కళాశాల ఫెలో అయింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఏ సర్జన్ల కళాశాలకైనా మొదటి మహిళా ఫెలో ఆవిడే. స్కాలర్‌షిప్పు మీద వియన్నా, బెర్లిన్ వెళ్లొచ్చింది. డబ్లిన్‌లో రిచ్‌మండ్ ఆసుపత్రిలో స్త్రీ వైద్య నిపుణురాలుగా చేరింది. ఇంతవరకు పత్రికల్లో ఫొటోలు వేసుకోదగ్గ కథ.

తర్వాత కళాశాల ఆమెను కాన్పుల వైద్యంలో పరీక్షకురాలిగా నియమించింది. మగ విద్యార్థులు భగ్గుమన్నారు. మాకు ఆడమనిషి మార్కులు వేయడమా అని అర్జీ పెట్టారు. పక్కన కూర్చుని చదివితే సహించినవాళ్లే ఇవతలికొచ్చి ప్రశ్న అడిగితే సహించలేకపోయారు. అడుగుతున్నది పురుడు పోయడం గురించి, అది మరీ బాగుంది. నియామకం నిలబడింది గానీ, డిక్సన్ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1899లో పెళ్లి చేసుకుని ప్రాక్టీసు మానేసింది. పిల్లలు పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మగ డాక్టర్లంతా సైన్యానికి వెళ్లిపోతే ఖాళీలు నింపడానికి ఇలాంటివాళ్లు గుర్తొచ్చారు. ఫెలోషిప్ సాధించిన మొదటి మహిళ ఇంగ్లండ్‌లో ఒక మానసిక రోగుల ఆసుపత్రిలో మళ్లీ కొలువు మొదలుపెట్టింది. తన చదువు వృథా అయిందని ఆవిడ అనుకుందో లేదో గానీ, వింటున్న మనకు మాత్రం ఉసూరుమంటుంది.

మానసిక రోగుల ఆసుపత్రుల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఆ రోజుల్లో మగ డాక్టర్లు అటు వెళ్లడానికి ఇష్టపడేవారు కాదు, జీతం తక్కువ, గౌరవమూ తక్కువ. అందుకని అక్కడ ఆడవాళ్లకు కొలువులు దొరికేవి. డబ్లిన్ గ్రాంజ్‌గోర్మన్‌లో ఎలియనోరా ఫ్లూరీ అలా చేరింది. మానసిక వైద్యుల సంఘంలో సభ్యత్వానికి 1893లో పేరు పెడితే, ఆడమనిషిని చేర్చుకునే నియమం లేదన్నారు. నియమం మార్చి 1894లో చేర్చుకున్నారు. ఈ ఫ్లూరీయే 1923లో, ఐర్లండ్ అంతర్యుద్ధం నాడు, రిపబ్లికన్ ఖైదీలకు సాయం చేసిందని స్వతంత్ర ఐర్లండ్ కొత్త ప్రభుత్వం చేతిలో కిల్‌మైనమ్ జైలుకెళ్లింది. బాలిన్‌స్లో ఆసుపత్రిలో పనిచేసిన ఆడా ఇంగ్లిష్ 1921లో ఐర్లండ్ పార్లమెంటుకే ఎన్నికైంది. ఐర్లండ్ ఆడ డాక్టర్లలో జైలు చూసినవాళ్లు చాలామందే ఉన్నారు.

వాళ్లలో పెద్దపేరు కాథ్‌లీన్ లిన్. మేయో జిల్లాలో 1874లో ఒక ప్రొటెస్టెంట్ పాస్టరుగారింట పుట్టింది. కరవు వచ్చి పోయిన ప్రాంతం అది, పేదరికం ఇంటి ముందే ఉండేది. 1899లో డాక్టరైంది. డబ్లిన్ అడిలైడ్ ఆసుపత్రిలో రెసిడెంట్ డాక్టరుగా ఎంపికైంది. కానీ అక్కడి వైద్యులు ఒప్పుకోలేదు, చేరనివ్వలేదు. ఎంపిక చేస్తారు, చేర్చుకోరు! చివరికి కంటి, చెవి ఆసుపత్రిలో చోటు దొరికింది. 1909లో సర్జన్ల కళాశాల ఫెలో అయింది. రాత్మైన్స్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డులో 9వ నంబరు ఇంట్లో ప్రాక్టీసు పెట్టింది. చలికాలమైనా సరే బాల్కనీలో పడుకునేది, మంచి గాలి తగలాలని. ఐర్లండ్ వాన సంగతి తెలిసినవాళ్లకు ఆ పట్టుదల ఎంతటిదో అర్థమవుతుంది.

1913లో డబ్లిన్ కార్మికులను యజమానులు పనుల్లోంచి బయటికి గెంటేసినప్పుడు, ఆకలితో అల్లాడే ఆ కుటుంబాల కోసం లిబర్టీ హాలుకు వెళ్లి పనిచేసింది. అక్కడ చూసిన పిల్లలు ఆమె మనసు మార్చారు. కార్మిక నాయకుడు జేమ్స్ కొనలీ నడిపిన సిటిజెన్ ఆర్మీలో చేరింది. 1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం, బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు రోజు. లిన్ చీఫ్ మెడికల్ ఆఫీసరు, కెప్టెన్ హోదా. ఆమె ఉన్నది సిటీ హాలులో, బ్రిటిష్ అధికార పీఠం డబ్లిన్ కాసిల్ పక్కనే. అక్కడి నాయకుడు షాన్ కొనలీ రంగస్థల నటుడు. మేడ మీద తుపాకీ గుండు తగిలి ఆమె చూస్తుండగానే ప్రాణం వదిలాడు. ఇక మిగిలినవాళ్లలో హోదాలో పెద్ద ఈ డాక్టరమ్మే. రాత్రి సైనికులు కిటికీలు బద్దలుకొట్టుకుని వచ్చినప్పుడు లొంగుబాటు ప్రకటించింది ఆవిడే. ఆడమనిషి దగ్గర లొంగుబాటు పుచ్చుకోవచ్చా అని ఆ అధికారి కాసేపు నీళ్లు నమిలాడని చెబుతారు. నువ్వెవరని అడిగితే, రెడ్‌క్రాస్ డాక్టరునీ, యుద్ధం చేస్తున్న మనిషినీ అందట. ఒకటి చెబితే వదిలేసేవాళ్లేమో. రెండూ చెప్పింది, జైలుకు వెళ్లింది. ఇంట్లోవాళ్లు చాలాకాలం గడప తొక్కనివ్వలేదు.

1918 ఫ్లూ నాటికి ఆమె మళ్లీ పోలీసులకు కావలసిన మనిషి. పట్టుకున్నారు కూడా. ఊళ్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒక డాక్టరును లోపల పెడతారా అని మేయర్ లారెన్స్ ఓనీల్ అడ్డుపడి విడిపించాడు. చార్ల్‌మంట్ వీధి 37వ నంబరులో పాత ఇల్లు ఒకటి తీసుకుని టీకాలు వేసింది. ఫ్లూ తగ్గింది, ఇల్లు మిగిలింది. 1919 మే 29న ఆ ఇంట్లోనే పసిపిల్లల ఆసుపత్రి మొదలైంది. చేతిలో ఉన్నది 70 పౌండ్లు, రెండు ఉయ్యాల మంచాలు. మరో మనిషి మడలీన్ ఫ్రెంచ్ మల్లెన్ తోడు, ఇద్దరూ జైల్లో కలిసి ఉన్నవాళ్లు. ఆసుపత్రికి సెయింట్ అల్టన్ పేరు పెట్టారు. తెగులు వచ్చి తల్లులు పోయిన పసికందులను 7వ శతాబ్దంలో సాకిన బిషప్ ఆయన. ఆవు చన్నులు కోసి తెచ్చి వాటిలో పాలు నింపి తాగించేవాడని కథ.

డబ్లిన్ పేటల్లో ఒక్క గదిలో కుటుంబమంతా ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే విరేచనాలతో పసిపిల్లలు వరసగా పోయేవారు. పెద్ద ఆసుపత్రులు ఏడాదిలోపు బిడ్డలను చేర్చుకోవడానికి వెనకాడేవి. ఆ బిడ్డల కోసమే ఈ ఆసుపత్రి. డాక్టర్లూ ఆడవాళ్లే, నడిపేదీ ఆడవాళ్లే. వేరే ఎక్కడా కొలువు దొరకని చదువుకున్న ఆడపిల్లలకు ఇక్కడ అనుభవం దొరికింది. నా మటుకు నాకు లిన్ సిటీ హాలు సాహసం కంటే ఇదే గొప్పది. మాకు ఉద్యోగమిమ్మని ఎన్నాళ్లు అడుక్కుంటాం, మేమే పెట్టుకుంటాం అన్న తెగువ ఇందులో ఉంది.

అలా వచ్చినవాళ్లలో డొరతీ స్టాప్‌ఫర్డ్ ప్రైస్ ఒకరు. తమాషా ఏమిటంటే, 1916 ఈస్టర్ రోజున లిన్ సిటీ హాలులో పోరాడుతుంటే, ఈ డొరతీ బ్రిటిష్ అండర్ సెక్రటరీ మాథ్యూ నేథన్‌గారి బంగళాలో అతిథి. ట్రినిటీలో చదివి 1921లో డాక్టరై వెస్ట్ కార్క్‌లో కిల్‌బ్రిటన్ పల్లెలో డిస్పెన్సరీ డాక్టరుగా వెళ్లి, తిరుగుబాటుదారుల గాయాలకు కట్లు కట్టింది. 1923లో సెయింట్ అల్టన్స్‌లో చేరింది. క్షయ అప్పుడు ఐర్లండ్‌ను పీల్చి పిప్పి చేస్తోంది. బాగా చదివిన డాక్టర్లు కూడా ఇంగ్లిష్ పుస్తకాలు దాటి చూసేవారు కాదు. క్షయ మీద కొత్త పరిశోధనంతా జర్మన్‌లో, స్కాండినేవియా భాషల్లో వస్తోంది. ఆమె జర్మన్ నేర్చుకుంది. వియన్నా వెళ్లింది, స్వీడన్ వెళ్లి బీసీజీ టీకా ఎలా వేస్తారో చూసి వచ్చింది. 1937లో ఐర్లండ్‌లో మొదటి బీసీజీ టీకాలు సెయింట్ అల్టన్స్‌లో పడ్డాయి. ఆరోగ్యవరం శానటోరియం పేరు విన్న తెలుగువాళ్లకు క్షయ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మన దేశంలో బీసీజీ మొదలైంది 1948లో. డొరతీకి కూడా క్షయ సోకింది, అయినా పని మానలేదు. 1949లో ఆరోగ్యమంత్రి నోయెల్ బ్రౌన్ జాతీయ బీసీజీ సంఘానికి ఆమెనే అధ్యక్షురాలిని చేశాడు. 1954లో చనిపోయింది.

ఈ దారిలో ఆటుపోట్లూ ఉన్నాయి. 1930లలో సెయింట్ అల్టన్స్‌ను హార్కోర్ట్ వీధిలోని ఇంకో పిల్లల ఆసుపత్రితో కలిపి పెద్దది చేద్దామనుకున్నారు. ప్రొటెస్టెంట్ల పెత్తనం ఎక్కువవుతుందని డబ్లిన్ క్యాథలిక్ ఆర్చిబిషప్ అభ్యంతరం చెప్పాడు, పథకం మూలపడింది. బిడ్డ విరేచనాలకు మతం లేకపోయినా ఆసుపత్రికి ఉంటుంది. స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం పెళ్లయిన ఆడవాళ్లు ప్రభుత్వోద్యోగం వదులుకోవాలన్న నిబంధన పెట్టింది. అది 1973 దాకా ఉంది. డిక్సన్ తనకు తానుగా మానేసింది. తర్వాతి తరాల వాళ్లకు ఆ ఎంపిక కూడా లేకపోయింది.

1877లో అందరికంటే ముందు ఒప్పుకున్న ఫిజీషియన్ల కళాశాల సంగతికి వస్తాను. పట్టా ఇచ్చింది గానీ, కళాశాల వ్యవహారాల్లో నోరెత్తే హక్కున్న ఫెలోల జాబితాలోకి ఆడమనిషి రావడానికి 1924 దాకా పట్టింది. ఆమె కార్క్‌కు చెందిన మేరీ హర్న్. కాథ్‌లీన్ లిన్ 1955లో పోయింది, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆమె 1916 నుంచి రాసుకున్న డైరీలు ఇప్పుడు ఆ కళాశాల దగ్గరే భద్రంగా ఉన్నాయి. సర్జన్ల కళాశాలకు మొదటి మహిళా అధ్యక్షురాలు 2010లో వచ్చింది, పేరు ఐలిష్ మెక్‌గవర్న్. ఫిజీషియన్ల కళాశాల 1654లో మొదలైంది. దాని అధ్యక్ష పీఠం మీద మొదటిసారి ఒక మహిళ, ప్రొఫెసర్ మేరీ హోర్గన్, కూర్చున్నది 2017లో. ఎలైజా వాకర్ డన్‌బార్ అక్కడ పరీక్ష రాసి అప్పటికి 140 ఏళ్లు.